వీరస్మరణము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



‘మరువరాని వీరుడు’ అను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యవర్గమువారు మమ్ము కోరినప్పుడు, మన కులమున బుట్టిన యే మహనీయుని చరిత్రనో మేము చెప్పుదుమని వారు తలచియుందురు. అది సహజమే. మన సంచికలో ఏటేట అట్టి చరిత్రలే అచ్చగుచున్నవి. కాని మేమెన్నుకొన్నవాడు మన కులమువాడు కాడు, మన మతమువాడు కాడు, మన భాషయు వానికి రాదు. ఈ సంగతి ముందుగా విన్న పెద్దలొకరు “మాస్టారూ, మన పందిట్లో పరాయివాళ్ల పెళ్లి దేనికండీ?” అని నవ్వుచు నడిగిరి. అయ్యా, ఇది పెండ్లి కాదు, తద్దినము. ఎవ్వరును లేనివారికి సైతము నీళ్లు వదలుట మన తర్పణవిధిలోనే యున్నది. ఆ ధైర్యముతోనే మీ యెదుట నిలిచితిమి.

అతని పేరు లెస్లీ మాన్సర్. 1922 మే 11వ తేదీన కొత్త ఢిల్లీలో జన్మించెను. తండ్రి తంతితపాలా శాఖలో ఇంజనీరు. కొంతకాలము డార్జిలింగు కొండలలోని కుర్సియాంగులో చదివి, పిమ్మట ఇంగ్లండులోని ఆల్డెన్‌హాం పాఠశాలలో విద్య ముగించెను. 1940 ఆగస్టులో బ్రిటిషు వైమానికదళమున చేరెను. మరుసటి సంవత్సరము 50వ స్క్వాడ్రనుకు బాంబు విమానచోదకుడుగా వచ్చెను. 1942 మే 30వ తేదీ రాత్రి జర్మనీలోని కొలోన్ నగరము మీదికి వెడలిన విమానములలో నొకదానికి నాయకుడుగా బయలుదేరి, తెల్లవారకముందే బెల్జియము దేశపు నేలమీద మరణించెను. నాటికి ఇరువదియేండ్లు నిండి మూడు వారములైనను కాలేదు.

బాంబు విమానమనగా మనవారికి కేవలము పుస్తకములోని మాట కాదు. అదే సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన జపానువారి విమానములు వచ్చి విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసినవి. చనిపోయినవారు కొలదిమందియే. అయినను ఆ భయము కొలదిది కాదు. విశాఖలో నిండు వీథులు నాలుగు రోజులలో పాడుపడినవని మా నాయనమ్మ చెప్పెడిది. చంటిబిడ్డ నొకచేతను, ఇత్తడి బిందె నొకచేతను పట్టుకొని, ఎడ్లబండి దొరకక, కాలినడకను ఆమె లోతట్టు గ్రామములకు బోయినదట. బిందె దేనికి తెచ్చితివని అడిగినచో, ఏమో, చేతికందినదని చెప్పెడిది. ఆమె బ్రతికినన్నాళ్లును ఆకాశమున గట్టి చప్పుడు వినిపించినచో తల యెత్తి చూడక క్రిందికే చూచెడిది.

అట్టి ఇంట బుట్టిన మేము బాంబులు వేయబోయినవానిని గూర్చి యేల చెప్పవలెను? ఈ ప్రశ్నకు మేము పలుమారులు సమాధానము చెప్పుకొంటిమి, పలుమారులు ఆ సమాధానమును మార్చుకొంటిమి. మొదట కథ వినుడు.

1942 ఫిబ్రవరిలో ఆర్థర్ హారిస్ అను సేనాని బ్రిటిషు బాంబరు దళమునకు అధిపతి యయ్యెను. ఒకే రాత్రి ఒకే నగరము మీదికి వేయి విమానములను పంపవలెనని ఆయన సంకల్పము. అన్ని విమానములు దళములో లేవు. శిక్షణశాలలలోని పాత విమానములను, చదువు ముగియని విద్యార్థులను, వారికి చదువు చెప్పెడి గురువులను గూడ చేర్చి 1,047 విమానములు లెక్కకు దెచ్చెను. మొదట హాంబర్గు నగరము ననుకొనిరి. మబ్బులు పట్టుటచే కొలోన్‌కు మార్చిరి. ఒక నగరము బ్రతుకు, వేరొక నగరము చావు ఆ రాత్రి మబ్బులలో నుండినవి.

మాన్సరుకు చేతికందినది మాంచెస్టర్ జాతి విమానము. దానికి రెండే ఇంజనులు. వల్చర్ అను ఆ ఇంజనులు వేడెక్కి చెడిపోవుట అందరెరిగిన సంగతి. మరునెలలోనే ఆ జాతి విమానములను యుద్ధము నుండి తొలగించి, వాని స్థానమున నాలుగు ఇంజనుల లాంకాస్టరులను నిలిపిరి. మాన్సరు నాటికి ఆ మార్పు అందలేదు. (పుష్పకవిమానమునకు ఇంజనులెన్ని యని మమ్ము తరగతిలో నడిగిన పిల్లవాడొకడు కలడు. మన పూర్వులకు సర్వమును దెలియునని సభలలో చెప్పెడివారి కంటె వాడే మేలు. వాడు కనీసము లెక్క యడిగెను.) అందులో నాలుగేసి పౌనుల నిప్పుబాంబులు 1,260 ఎక్కించిరి. మాన్సరుతో కూడ ఏడుగురు ఎక్కిరి. లింకన్ నగరము చెంతనున్న స్కెల్లింగ్‌థార్ప్ విమానాశ్రయము నుండి రాత్రి పదకొండు గంటల ప్రాంతమున విమానము లేచెను.

ఇతర విమానములు ఎత్తున పోవుచుండగా ఇది 7,000 అడుగులకు మించి యెగురలేకపోయెను. నగరము సమీపించుచుండగనే సెర్చిలైట్ల వెలుగు దానిని పట్టుకొనెను. వెలుగులో చిక్కిన విమానము ఫిరంగులకు సులభమగు గురి. మాన్సరు దారి తప్పింపక ముందుకే నడపి బాంబులు విడిచెను. తరువాత దెబ్బలు తగిలినవి. తప్పించుకొనుటకై విమానమును త్రిప్పుచు త్రిప్పుచు 1,000 అడుగుల క్రిందికి దింపెను. ఐనను వెలుగులు వదలలేదు. వెనుకవైపు మరతుపాకి కాచెడివానికి గాయమయ్యెను. ముందు గదిలో పొగ క్రమ్మెను. ఎడమ ఇంజను వేడెక్కెను.

అప్పుడే పారాచూట్లతో దుమికినచో ఏడుగురును బ్రతికెడివారే. శత్రువులకు బందీలు కావలసి వచ్చును, అంతియే. మాన్సరు విమానమును, తోడివారిని ఇల్లు చేర్పవలెనని పట్టుబట్టి, మరల 2,000 అడుగులకెత్తెను. అంతట ఎడమ ఇంజను మండెను. ఆ మంట పది నిమిషములకు గాని ఆరలేదు. ఆరుసరికి ఒక రెక్క కొంత కాలిపోయెను, ఇంజను మరి పనిచేయలేదు. విమానము నేలకు దిగజారసాగెను. ఇక నిలువదని తెలిసినప్పుడు అందరిని దుముకుడని ఆజ్ఞాపించెను.

చిట్టచివర నతని చెంతనున్నవాడు రెండవ చోదకుడు, సార్జెంటు బేవిస్టాక్. ఆయన పేరును లెస్లీయే. ఆయన మాన్సరు పారాచూటును తెచ్చి చేతికందింపబోయెను. మాన్సరు దానిని చేతితో త్రోసివేసి, తాను కొన్ని క్షణములు మాత్రమే విమానమును నిలుకడగ పట్టగలననియు, వెంటనే దుముకుమనియు చెప్పెను. చేతులు వదలినచో విమానము తలక్రిందులగును. తాను దుముకుటకు వ్యవధి యుండదు. ఆ సంగతి ఇరువురకును తెలియును. బేవిస్టాక్ దుమికెను. విమానము అప్పటికి నేలకెంత దగ్గరగా వచ్చెననగా, ఆయన పారాచూటు పూర్తిగా విచ్చుకొనుటకైనను ఎత్తు చాలలేదు. నీరు నిలిచిన కాలువలో పడుటచేత బ్రతికెను. విమానము బ్రే అను ఊరి సమీపమున కూలి మండిపోయెను. మాన్సరు అందులోనే యుండెను.

మిగిలిన ఆరుగురును బ్రతికిరి. ఒక్కరు జర్మనులకు చిక్కిరి. ఐదుగురు చిక్కలేదు. ఎట్లు చిక్కలేదు? ఈ భాగము యుద్ధకథలు చెప్పువారు సామాన్యముగా త్వరగా దాటవేయుదురు. మేము దాటవేయము.

బెల్జియము అప్పుడు జర్మనుల పాలనలో నుండెను. ఆకాశము నుండి పడిన విమానికునికి అన్నము పెట్టుట మరణశిక్షకు తగిన నేరము. అయినను పల్లెవారు తలుపులు తీసిరి. వీరిని చేతికి చేయి మార్చుచు, ఫ్రాన్సు దేశము దాటించి, పిరెనీ పర్వతముల మీదుగా స్పెయినుకును, అచ్చటి నుండి జిబ్రాల్టరుకును చేర్చిన గొలుసుకట్టు ఒకటి యుండెను. దానిని ‘కామెట్’ అని పిలిచెడివారు. దానిని 1941లో స్థాపించినది ఆంద్రే ద యాంగ్ అను కన్య. అప్పటి కామె వయస్సు ఇరువదియైదు లోపే. ఆమె తండ్రి ఫ్రెడరిక్ ద యాంగ్ బ్రస్సెల్సు నగరములో ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు. కూతురు ప్రారంభించిన పనిలో తండ్రియు చేరెను. 1943 జనవరిలో కూతురు పట్టుబడి నిర్బంధశిబిరములకు పంపబడెను. ఆమె బ్రతికి బయటపడి, తరువాత కాంగోలోను ఇథియోపియాలోను కుష్ఠరోగుల సేవ చేసి, 2007లో మరణించెను. తండ్రిని 1944 మార్చిలో పారిస్ సమీపమున కాల్చి చంపిరి. బడిపంతుళ్లమగు మాకు ఈ ప్రధానోపాధ్యాయుని సంగతి చదివినప్పుడు, ముప్పదియేండ్లు హాజరుపట్టీలు పిలిచిన మా గొంతు కొంత పూడుకొన్నదని ఒప్పుకొనుటకు సిగ్గుపడము.

ఆ ఐదుగురు ఇంగ్లండు చేరి జరిగినది చెప్పిరి. వారి వాఙ్మూలమును బట్టి 1942 అక్టోబరులో మాన్సరుకు మరణానంతరము విక్టోరియా క్రాస్ పతకము ప్రకటింపబడెను. సాక్షి యను మాటకు సాక్షాత్తుగా చూచినవాడని అర్థము; పాణిని యట్లే సాధించెను. బాంబరు దళమున ఆ యుద్ధములో మరణించిన విమానికులు 55,573 మంది. వారిలో నెందరు ఇట్లే కడపటి క్షణమున స్తంభమువలె నిలిచి తోడివారిని దుమికించిరో! చూచినవాడు బ్రతికి రానిచోట కథయు లేదు, పతకమును లేదు. మాన్సరు పేరు మనకు దక్కినదన్న, దానికి కారణము బేవిస్టాక్ పడిన నీటికాలువ, పల్లెవారు తీసిన తలుపు, ఒక పంతులుగారి ఇల్లు.

ఇంతవరకు మేము ఈ కథను తరగతి గదిలో అనేక సంవత్సరములు చెప్పియున్నాము. తొమ్మిదవ తరగతి పిల్లలు చప్పుడు చేయక వినెడివారు. పారాచూటును త్రోసివేసిన చోట మేము కొంచెము ఆగెడివారము. అట్లాగుట మాకు అలవాటయ్యెను. ఆ నిశ్శబ్దము మాకు రుచించెను గూడ. ఒక సంవత్సరము వెనుక బల్ల నుండి యొక పిల్లవాడు లేచి, “మరి కింద ఊళ్లో ఉన్నవాళ్ల సంగతేంటి మాస్టారూ?” అనెను.

గంట కొట్టిరి. మేము పుస్తకము మూసి బయటికి వచ్చితిమి. ఆ గంట మమ్ము రక్షించినది.

అన్ని సంవత్సరములు మేము వారి సంగతి చెప్పలేదు. తెలియక కాదు, కథకు అడ్డమని చెప్పలేదు. మా నాయనమ్మ బిందె కథ యెరిగియు చెప్పలేదు. ఆ లోపమును ఈ సభలో కొంత దిద్దుకొందుము.

కొలోన్ అనగా రైన్ నది యొడ్డున రోమనుల నాటి నుండి యున్న నగరము. జ్వరము వచ్చినప్పుడు తడిగుడ్డతో నుదుట వేసెడి ఓడికొలోను మన పాత యిండ్లలో నందరును ఎరుగుదురు. ఆ ‘కొలోను’ ఈ నగరమే. ఆ రాత్రి గంటన్నర కాలములో దానిపై సుమారు 1,455 టన్నుల బాంబులు పడినవి. మూడింట రెండు పాళ్లు నిప్పుబాంబులే. నగరము లెక్కల ప్రకారము మరణించినవారు 469 మంది. వారిలో 411 మంది సైనికులు కారు. గాయపడినవారు ఐదువేలు. ఇండ్లు లేక వీధిని పడినవారు 45,000 మంది. జంట గోపురముల పెద్ద చర్చి నిలిచినది. దాని చుట్టునున్న వీథులు నిలువలేదు. పొరబాటున ఇండ్లపై పడిన బాంబులు కావవి. శ్రామిక జనుల మనోధైర్యమును కూల్చుటయే లక్ష్యమని 1942 ఫిబ్రవరి నాటి ఆజ్ఞాపత్రమే చెప్పుచున్నది.

జర్మనులు ముందుగా రాటర్‌డాం, లండన్, కోవెంట్రీ నగరములను కాల్చలేదా యని యడుగవచ్చును. కాల్చిరి. వారి ప్రభుత్వము చేసిన ఘోరములకు సాటి లేదు. దానిని ఓడింపక తప్పదు గూడ. మేము ఆ సంగతి మరువము. మరి మనలను బానిసలుగ నుంచిన ప్రభుత్వమునకు పోరాడినవాడు మనకు వీరుడెట్లని వేరొకరు అడుగుదురు. ఆ ప్రశ్నయు న్యాయమైనదే. కొలోన్ మండిన రెండు నెలలకే, 1942 ఆగస్టులో, అదే ప్రభుత్వము మన నాయకులను చెరలో వేసెను. ఇరువదియేండ్ల బాలుడు ఈ రాజకీయము లెక్కించి విమాన మెక్కెనని మేము అనుకొనము. మన దేశమున బుట్టినంత మాత్రమున అతనిని మనవాడని చేరదీయుటయు మా యుద్దేశము కాదు.

సంస్కృతము చదివినవారమగుటచే, మాకు ఇట్టి చిక్కు వచ్చినప్పుడు భారతమునకే పోవుట అలవాటు. సౌప్తికపర్వము మీరెరుగుదురు. తిక్కనగారు తెలిగించిన భాగమే. అశ్వత్థామ, తండ్రిని అన్యాయముగా చంపిన కోపము మండుచుండగా, రాత్రివేళ నిద్రించుచున్న శిబిరమున జొరబడెను. నిద్రించువారిని చంపరాదని మేనమామ కృపాచార్యుడు చెప్పెను, వినలేదు. మరి ఆ కృపుడే తరువాత ద్వారమున కావలి నిలిచెను! మా చిన్ననాట ఈ పర్వము చెప్పిన గురువుగారు, అశ్వత్థామ పాపము కంటె కృపుని పాపము తమకు ఎక్కువ నిద్ర పట్టనీయదని చెప్పెడివారు. తప్పని యెరిగియు, తనవారి వెంట పోయి, ఒప్పగించిన పనిని నిష్ఠతో చేసినవాడు.

మాన్సరును అశ్వత్థామతో పోల్చుచున్నామని ఎవ్వరును అనుకొనరాదు. అతనికి పగ లేదు. క్రూరత్వమున్నట్లు ఎవ్వరును చెప్పలేదు. ఏడువేల అడుగుల ఎత్తున నుండి చూచువానికి నగరము కాదు, నిప్పే కనబడును. ఒకే రాత్రి, అవే చేతులు, 1,260 నిప్పుబాంబులు విడిచినవి. గంట గడువక మునుపే ఆరుగురి ప్రాణముల కొరకు చుక్కానిని వదలకుండ పట్టుకొన్నవి. మొదటిదానిని దాచి రెండవదానిని పొగడుట మేము చిరకాలము చేసిన పని. రెండవదానిని దాచి మొదటిదానినే చెప్పువారును లోకమున కలరు. 1992 మే 31వ తేదీన లండనులో హారిస్ విగ్రహము ఆవిష్కరింపబడినప్పుడు, అది కొలోన్ దహనమునకు సరిగా యేబదియేండ్లు నిండిన దినమగుటచే, కొలోన్ నగరాధ్యక్షుడు ఆక్షేపించెను. ఆవిష్కరణకాలమున గుంపులో నుండి కేకలు లేచినవి. 2012లో లండనులోనే గ్రీన్ పార్కు చెంత బాంబరు దళమునకు వేరొక స్మారకము కట్టిరి. దాని గోడమీద, ఆ యుద్ధపు బాంబుదాడులలో మరణించిన సమస్తదేశముల వారిని గూడ స్మరించుచున్నామని చెక్కిరి. యేబదియేండ్లు కాదు, డెబ్బదియేండ్లు పట్టినది ఆ వాక్యమునకు.

ఇంటివారి సంగతి చెప్పకున్న కథ ముగియదు. మాన్సరు సోదరి భర్త జాన్ నీల్ రాండిల్ అను సైనికోద్యోగి. ఆయన కాశీలో 1917లో జన్మించెను. ఆయన తండ్రి హెర్బర్ట్ రాండిల్, కాశీలో అధ్యాపకత్వము చేసి, దిఙ్నాగుని గూర్చియు, మన ప్రాచీన న్యాయశాస్త్రమును గూర్చియు గ్రంథములు వ్రాసిన పండితుడు. తర్కము చదువు విద్యార్థులు ఆయన పేరు నేటికిని ఎరుగుదురు. మేము ఆయన పుస్తకమును విద్యార్థిదశలోనే చూచితిమి. అందలి పేరునకును ఈ యుద్ధకథకును సంబంధమున్నదని ముప్పదియేండ్ల తరువాత గాని మాకు తెలియలేదు. ఆ పండితుని కుమారుడు 1944 మే 6వ తేదీన నాగా కొండలలోని కొహిమా వద్ద, జపానువారి మరతుపాకి గూటిపైకి ఒంటరిగా దూకి, గ్రెనేడుతోను బాయినెట్టుతోను దానిని చంపి, దాని రంధ్రమునకు తన శరీరమునే అడ్డముగ వేసి మరణించెను. ఆయనకును విక్టోరియా క్రాస్ వచ్చెను. విశాఖపై బాంబులు వేసిన జపానుసేన మన నేలపై ముందుకు రాకుండ ఆగినది ఆ కొహిమాలోనే.

రెండేండ్లలో సోదరుడును, మగడును. ఆమె గుండెలో నేమి యుండెనో చెప్పుటకు మాకు అధికారము లేదు. స్త్రీపర్వమున గాంధారి యుద్ధభూమిలో నిలిచి, తన కొడుకులను మాత్రమే కాదు, అభిమన్యుని గూర్చి, ఉత్తర దుఃఖము గూర్చియు విలపించును. తర్పణవేళ కుంతి నోరు విప్పి, కర్ణునికి గూడ నీళ్లు వదలుడని చెప్పును. అంతవరకు శత్రువనుకొన్నవానికి ధర్మరాజు నీళ్లు వదలును. మా తొమ్మిదవ తరగతి పిల్లవానికి మేము ఆనాడే చెప్పవలసినది ఇదియే. వాడిప్పుడు ఎక్కడనున్నాడో తెలియదు.

పోషకులకు మా విన్నపమొకటి. మన సంచికలో ‘కీర్తిశేషులు’ అను పుటలు కలవు. విరాళములిచ్చిన పెద్దల ఛాయాచిత్రములు అందు ముద్రించుచున్నాము; అది తగియే యున్నది. మన కుటుంబముల నుండి రెండు ప్రపంచయుద్ధములకును, తరువాతి యుద్ధములకును పోయినవారుందురు. సిపాయిలుగా పోయిరి, కూలీదళములలో పోయిరి, వంటవారుగను పోయిరి. కొందరు తిరిగి రాలేదు. వారి పేర్లు ఇంటి పెద్దమ్మల నోట మాత్రమే యున్నవి. వచ్చే సంచికకు రెండు పుటలు విడిచి, ఆ పేర్లు సేకరింపుడు. పోయినచోటు, పోయిన సంవత్సరము వ్రాయుడు. తెలిసినంతమట్టుకు వారు అచ్చట నేమి చేసిరో గూడ వ్రాయుడు. మంచిది మాత్రమే యేరి వ్రాయకుడు. ఈ పనికి ఉత్తరములు వ్రాయుట, ప్రూఫులు దిద్దుట మేము చేయగలము. కన్నులింకను పనిచేయుచున్నవి.

మాన్సరు సమాధి బెల్జియములోని హెవర్లీ యుద్ధశ్మశానములో నున్నది. స్కెల్లింగ్‌థార్ప్ విమానాశ్రయమును యుద్ధానంతరము మూసివేసిరి. ఆ నేలమీద ఇండ్లు లేచినవి, ఇండ్లతో పిల్లలు వచ్చిరి. 1981లో అచ్చట ఒక ప్రాథమిక పాఠశాల తెరచి, దానికి లెస్లీ మాన్సర్ అని పేరు పెట్టిరి. ఆ రాత్రి నిప్పుబాంబులతో విమానము పరుగెత్తిన మైదానమందే ఐదేండ్ల పిల్లలు అక్షరములు దిద్దుచున్నారు. ఆ పేరు ఎవరిదని వారిలో నెవ్వడో పంతులమ్మ నడుగుచునే యుండును.